"ఒక్క లెగ్‌లో పోయిందన్నా" అనే మాట వెనక లెక్క

సంపాదకులకు నమస్కారం.

మెల్‌బోర్న్‌కి పడమటి వైపున్న టార్నీట్ నుంచి రాస్తున్నాను. విదేశాల్లో చదువుకునే పిల్లలు బెట్టింగ్ యాప్‌లలో డబ్బులు పోగొట్టుకుంటున్నారని మన పేపర్లలో అప్పుడప్పుడు వార్త వస్తుంటుంది. ప్రతిసారీ అదే వరస. ఎవరో అప్పుల పాలయ్యారు, తల్లిదండ్రులు లబోదిబోమన్నారు, యువత జాగ్రత్తగా ఉండాలి. అది చదివి ఇక్కడున్న కొడుక్కి అమ్మ ఫోన్ చేస్తుంది, "నువ్వు అలాంటివేం ఆడట్లేదు కదా నాన్నా" అంటుంది, వాడు "ఛ, లేదమ్మా" అంటాడు, అక్కడితో సరి. ఆ పందెం ఏంటి, ఎలా కడతారు, డబ్బు ఎక్కడ జారిపోతుంది అన్నది మాత్రం ఎవరూ రాయరు. అందుకే నేను రాస్తున్నా. కాస్త పొడుగైంది, ఏమనుకోకండి.

నేను చెప్పేది ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ సంగతి, ఇక్కడ అందరూ ఫుటీ అంటారు. దాని మీద కట్టే పందేలు బోలెడు, అందులో ఒక్క రకం గురించే ఈ ఉత్తరం: సేమ్ గేమ్ మల్టీ. ఒకే మ్యాచ్‌లో జరగాల్సిన మూడు నాలుగు సంగతుల్ని దండలా గుచ్చి ఒకే పందెంగా కడతారు. ఒక్కో సంగతిని లెగ్ అంటారు. అన్నీ నిజమైతేనే డబ్బు. ఒక్కటి తప్పినా మొత్తం గోవిందా.

మా ఇంట్లో ఒక గదిలో అద్దెకుండే తమ్ముడు ఒకడున్నాడు. మాస్టర్స్ చదువుతూ వేర్‌హౌస్‌లో పనికి వెళ్తాడు, స్టూడెంట్ వీసా కాబట్టి చదువు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలకు మించి పని చేయకూడదు, అంటే వాడి జేబులోకి ఎంత వస్తుందో గీత గీసినట్టు తెలిసిపోతుంది. పోయిన సీజన్‌లో ఒక శుక్రవారం రాత్రి ఇద్దరం సోఫాలో కూర్చుని మ్యాచ్ చూస్తున్నాం. వాడు 20 డాలర్లు కట్టాడు, నాలుగు లెగ్స్. వాడి జట్టు 40 పాయింట్లు లేదా అంతకన్నా ఎక్కువ తేడాతో గెలవాలి, వాళ్ల ఫుల్ ఫార్వర్డ్ (గోల్ ముందు ఆడేవాడు) మూడు గోల్స్ కొట్టాలి, ఒక మిడ్‌ఫీల్డర్‌కి 25 డిస్పోజల్స్ రావాలి, ఇంకో మిడ్‌ఫీల్డర్‌కి 30 రావాలి. అన్నీ జరిగితే 340 డాలర్లని యాప్ చూపిస్తోంది.

ఆట తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. జట్టుకి 18 మంది గ్రౌండ్‌లో ఉంటారు, నాలుగు క్వార్టర్లు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు, మధ్య రెండిటి నడుమ నుంచి కాలితో తన్ని పంపితే గోల్, 6 పాయింట్లు. పక్క సందులోంచి పోతే బిహైండ్, 1 పాయింట్. డిస్పోజల్ అంటే బంతిని కాలితో తన్నడం గానీ, ఒక చేతిలో పెట్టుకుని ఇంకో చేతి పిడికిలితో గుద్ది పక్కవాడికి ఇవ్వడం గానీ. ఆ గుద్దుడుని హ్యాండ్‌బాల్ అంటారు. ఎవరికి ఎన్ని డిస్పోజల్స్ వచ్చాయో చిట్టా రాసే కంపెనీ ఒకటి అధికారికంగా ఉంది, పందేల లెక్క ఆ చిట్టా మీదే నడుస్తుంది.

సరే, ఆఖరి క్వార్టర్. మూడు లెగ్స్ పక్కన పచ్చ టిక్కులు పడిపోయాయి. జట్టు 50 పాయింట్ల పైన ముందుంది. మిగిలింది ఆ 30 డిస్పోజల్స్ వాడొక్కడే, 28 దగ్గరున్నాడు, ఇంకా ఎనిమిది నిమిషాలు. మావాడు సోఫా చివరికి జరిగిపోయాడు, ఫోన్ ఒక చేతిలో, రిమోట్ ఒక చేతిలో. "రెండు హ్యాండ్‌బాల్స్ అన్నా, రెండే రెండు." అప్పుడు టీవీలో బెంచ్ చూపించారు. ఆ ఆటగాడు జాకెట్ వేసుకుని, మోకాలికి ఐస్ కట్టుకుని, పక్కవాడితో నవ్వుతూ కూర్చున్నాడు. మ్యాచ్ గెలిచేశారు కదా, వచ్చే వారానికి కాళ్లు దాచుకోమని కోచ్ లాగేశాడు. ఇక దిగలేదు. సైరన్ మోగింది. 28.

"ఒక్క లెగ్‌లో పోయిందన్నా, దరిద్రం" అన్నాడు. తెల్లారి శనివారం మ్యాచ్‌కి 40 కట్టాడు.

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. డబ్బు పోయినందుకు కాదు, దరిద్రం అన్నందుకు. అది దరిద్రం కాదు. వాడి మొదటి లెగ్ గెలవడమే వాడి నాలుగో లెగ్‌ని చంపింది. జట్టు భారీ తేడాతో గెలవాలని ఒక చేత్తో కోరుకుని, గెలిచాక కూడా స్టార్ ఆటగాడు ఆఖరి నిమిషం దాకా చెమటోడ్చాలని ఇంకో చేత్తో కోరుకున్నాడు. ఆ రెండు కోరికలకూ పడదు.

ఈ పందేన్ని అర్థం చేసుకోవడానికి మొదటి మెట్టు ఇదే. ఒకే మ్యాచ్‌లో జరిగే సంగతులు ఒకదానికొకటి చుట్టాలు. కొన్ని దగ్గరి చుట్టాలు, కొన్ని పాలివాళ్లు. జట్టు బాగా ఆడితే బంతి ఎదుటి వాళ్ల గోల్ వైపే ఎక్కువసేపు ఉంటుంది, ఫార్వర్డ్‌కి గోల్స్ పడతాయి. అదే రోజు అదే జట్టు డిఫెండర్‌కి అంత పని ఉండకపోవచ్చు. వాన పడి బంతి జారుతుంటే గాల్లో పట్టే క్యాచ్‌లు తగ్గుతాయి, స్కోరు పడిపోతుంది, ట్యాకిల్స్ పెరుగుతాయి, అంటే ఒక్క వాన నాలుగు లెగ్స్‌నీ ఒకేసారి తడిపేస్తుంది. ఎదుటి కోచ్ ఒక మిడ్‌ఫీల్డర్ వెనకాల నీడలా తిరగమని ఒకణ్ణి పంపితే (ట్యాగర్ అంటారు వాణ్ణి, చూడ్డానికి భలే చిరాకు ఉద్యోగం) అతగాడి డిస్పోజల్స్ పడిపోతాయి, ఆ బంతులు పక్కనున్న ఇంకో మిడ్‌ఫీల్డర్‌కి పోవచ్చు. ఇదంతా ఆట చూసేవాళ్లకి తెలిసిందే. తెలిసిందే కాబట్టే "మనకి ఆట తెలుసు, మల్టీ కట్టగలం" అనిపిస్తుంది.

ఇక ధర సంగతి. ఇక్కడ ఆడ్స్ దశాంశాల్లో రాస్తారు, 2.00 అంటే డాలర్ కడితే మన డాలర్‌తో కలిపి రెండు వస్తాయి. వేర్వేరు మ్యాచ్‌ల మీద మల్టీ కడితే ఆడ్స్‌ని గుణించుకుంటూ పోవడమే, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. ఒకే మ్యాచ్‌లో అలా కుదరదు. జట్టు గెలుపు 2.00, ఫార్వర్డ్ మూడు గోల్స్ 2.00 అనుకోండి, గుణిస్తే 4.00 రావాలి. యాప్‌లో కలిపి చూడండి, 2.50 లాంటిదేదో చూపిస్తుంది. మావాడు మొదట్లో దీన్నే మోసం అనేవాడు. మోసం కాదు. ఊరికే లెక్క కోసం వంద మ్యాచ్‌లు అనుకుందాం. 50 గెలిచారు, అందులో 35 సార్లు ఫార్వర్డ్ మూడు కొట్టాడు. 50 ఓడారు, అందులో 15 సార్లే కొట్టాడు. రెండూ కలిసి జరిగింది 35 సార్లు, 25 సార్లు కాదు. అంటే ఆ జోడీకి న్యాయమైన ధర 4.00 కాదు, 2.86 చుట్టుపక్కల. కాబట్టి ధర తగ్గించడం సబబే.

మరి గొడవేంటంటే, 2.86కి బదులు 2.50 ఇచ్చారే, ఆ మధ్యలో ఉన్నది ఎవరి వాటా? అది కంపెనీ వాటా. వందసార్లు డాలర్ చొప్పున కడితే 35 సార్లు రెండున్నర వస్తుంది, మొత్తం 87 డాలర్ల 50 సెంట్లు. పన్నెండున్నర పోయింది. ఈ 35 అనే అంకె నేను వేసుకున్నది కాబట్టి నాకు తెలుసు, నిజం మ్యాచ్‌లో అది 35 అవునో 31 అవునో కట్టేవాడికి తెలియదు, ధర పెట్టేవాడి దగ్గర మాత్రం పాత మ్యాచ్‌లన్నీ నమిలి మింగిన కంప్యూటర్ ఉంటుంది.

మామూలు పందెంలో కనీసం ఒక సౌకర్యం ఉంది, రెండు వైపులా కనిపిస్తాయి. లైన్ బెట్టింగ్‌లో, అంటే బలమైన జట్టు మీద కొన్ని పాయింట్ల భారం వేసి ఇద్దర్నీ సమానం చేసే పందెంలో, ఈ జట్టు 1.90, ఆ జట్టు 1.90. రెండిటి మీదా వందేసి కడితే 200 పెట్టి 190 తెచ్చుకుంటాం, కంపెనీ వందకి ఐదు తీసుకుంటోందని అయిదో తరగతి పిల్లాడు కూడా చెప్తాడు. సేమ్ గేమ్ మల్టీకి ఆ రెండో వైపు లేదు. "ఈ నాలుగూ కలిసి జరగవు" అని పందెం కట్టే బటన్ ఏ యాప్‌లోనూ నేను చూడలేదు. డిస్పోజల్స్ కూడా అంతే, చాలాచోట్ల 20 పైన, 25 పైన, 30 పైన అని మెట్లు మెట్లుగా పెడతారు, కిందికి కట్టే అవకాశం ఇవ్వరు. తక్కెడకి ఒకే పళ్లెం. ఇంకో పళ్లెం లేనప్పుడు తూకం సరిగ్గా ఉందా లేదా అని ఎలా చూస్తాం? మావాడి మల్టీలో ఉన్నట్టు ఎదురు లాక్కునే లెగ్స్ కలిపితే ధర గుణకారం కన్నా పైకి పోవాలి, న్యాయంగా అయితే. ఒక్కోసారి పోతుంది కూడా. పోవాల్సినంత పోయిందా అన్నదే చెప్పలేం.

కంపెనీ వాటా ప్రతి లెగ్‌లోనూ ఉంటుంది, మల్టీలో అది ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. చుట్టరికాలన్నీ పక్కన పెట్టి, బొమ్మా బొరుసు లాంటి నాలుగు లెగ్స్ అనుకోండి, ఒక్కోటి 1.90. గుణిస్తే 13 చిల్లర. నాలుగూ కలిసి వచ్చేది 16లో ఒకసారి. 10 డాలర్ల చొప్పున 16 సార్లు కడితే 160 పెట్టి సగటున 130 వెనక్కి. అదే 160 డాలర్లని ఒక్కొక్కటిగా, 10 డాలర్ల విడి పందేలుగా కడితే 8 గెలుస్తాయి, ఒక్కోదానికి 19, మొత్తం 152. అక్కడ పోయేది 8, ఇక్కడ పోయేది 30. అదే ఆట, అదే ఆడ్స్, కట్టే పద్ధతి ఒక్కటే మారింది. యాప్ తెరవగానే మల్టీ బటన్ ఎందుకంత పెద్దగా, రంగురంగులుగా ఉంటుందో ఇప్పుడు చెప్పక్కర్లేదనుకుంటా.

ఇప్పుడు అసలు ముక్క. పై లెక్కలోనే 16 సార్లలో ఒకసారి నాలుగూ వస్తాయి. సరిగ్గా మూడు వచ్చి ఒక్కటి తప్పేది ఎన్నిసార్లు? మొదటిది తప్పొచ్చు, రెండోది, మూడోది, నాలుగోది. అంటే నాలుగుసార్లు. ఒకసారి గెలిచేలోపు నాలుగుసార్లు "ఒక్క లెగ్‌లో పోయింది" అని జుట్టు పీక్కుంటాం! ఇది ఎవరి జాతకం వల్లా జరగదు, పందెం అలా తయారైంది. "కొంచెంలో మిస్సయింది, అంటే నాకు ఆట తెలుసు, వచ్చేవారం కొట్టేస్తా" అనుకుంటాడు కుర్రాడు. గుడ్డిగా నాణెం ఎగరేసినా అన్నేసార్లే కొంచెంలో మిస్సవుతుంది. "ఖాయం" లెగ్స్ అని ఏరుకున్నా ఇదే కథ: ఒక్కోటి వందకి 80 సార్లు వచ్చేవి నాలుగు కలిపితే, నాలుగూ వచ్చేది 41 సార్లు, సరిగ్గా ఒక్కటి తప్పేదీ 41 సార్లు. గెలిచేది సగంసార్లు కూడా కాదు. మావాడికి కాగితం మీద వేసి చూపిస్తే కాసేపు నా వైపు చూశాడు, "80 ఉన్నవి నాలుగు కలిస్తే 41 ఏంటన్నా, ఇంజనీరింగ్ చదివాను, ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు" అన్నాడు. చదువు లేక కాదండీ, ఫోన్ చేతిలో ఉన్నప్పుడు ఆ చదువు గుర్తురాదు.

ఇంకో కిటుకు. ఆట మొదలయ్యాక ఆన్‌లైన్‌లో పందెం కట్టడాన్ని ఇక్కడ 2001 నాటి ఇంటరాక్టివ్ గ్యాంబ్లింగ్ చట్టం ఒప్పుకోదు, కావాలంటే ఫోన్ చేసి నోటితో చెప్పి కట్టాలి. కాబట్టి ఆటకి ముందే కట్టించి, ఆట మొత్తం కుర్చీకి కట్టేసే సరుకు కావాలి. జట్టు గెలుపు మీద కడితే మూడో క్వార్టర్‌కే తేలిపోవచ్చు. మల్టీ అయితే జట్టు 60 పాయింట్లతో గెలుస్తున్నా ఎవడి హ్యాండ్‌బాల్ కోసమో చివరి సైరన్ దాకా టెన్షన్. టీవీ వాళ్లకీ మంచిదే, లీగ్‌కీ మంచిదే. ఫుటీ లీగ్ నడిపే ఏఎఫ్‌ఎల్ తన మ్యాచ్‌ల మీద జరిగే పందేలకు బెట్టింగ్ కంపెనీల నుంచి ఫీజు తీసుకుంటుందని చాలామంది అభిమానులకి తెలియదు. నేను ఎంసీజీలో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్, ఫుటీ కూడా అక్కడే ఆడతారు) ఏడాదికి ఐదారు మ్యాచ్‌లు చూస్తాను, మా వెనక వరసలో తండ్రీ కొడుకులు ఒకప్పుడు స్కోరు మాట్లాడుకునేవాళ్లు, ఇప్పుడు మల్టీ మాట్లాడుకుంటున్నారు. పిల్లాడికి పన్నెండేళ్లుంటాయి. సొంత జట్టు గోల్ కొడితే మొహం మాడ్చుకున్న పెద్దమనిషిని కూడా చూశాను, కొట్టింది వాడి లెగ్‌లో లేని ఆటగాడట!

చిన్న రూల్స్ కొన్ని ఉన్నాయి, వాటిలో కూడా డబ్బు పోతుంది. మన లెగ్‌లో ఉన్న ఆటగాడు ఆఖరి నిమిషంలో జట్టులోంచి తప్పుకుంటే ఏం చేస్తారన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా రాసుకుంటుంది, ఆ లెగ్ తీసేసి ధర మార్చేవాళ్లున్నారు, పందెం మొత్తం రద్దు చేసేవాళ్లున్నారు. కానీ గ్రౌండ్‌లోకి దిగి మూడో నిమిషంలో కాలు పట్టేసి వెళ్లిపోతే మామూలుగా ఆ లెగ్ ఓడినట్టే లెక్క. "ఒక్క లెగ్ పోతే మీ డబ్బు వాపస్" అని ఆఫర్ వస్తుంది చూడండి, ఆ వాపస్ డబ్బు కాదు, బోనస్ బెట్. దాన్ని బ్యాంకులో వేసుకోలేం, మళ్లీ పందెమే కట్టాలి, గెలిచినా పైన వచ్చింది ఇస్తారు తప్ప ఆ మొదటి మొత్తం రాదు. పైగా ఒక్క లెగ్‌తో పోవడం ఎంత తరచుగా జరుగుతుందో పైన చూశాం కదా, ఆఫర్ సరిగ్గా దానికే ఎందుకు పెట్టారో ఆలోచించండి.

ప్రభుత్వం ఏమీ చేయలేదనను. 2023 నుంచి ప్రకటనల చివర "బాధ్యతగా ఆడండి" అనే పాత పాట తీసేసి "మీరు పోగొట్టుకోబోయే అవకాశమే ఎక్కువ" లాంటి మాటలు చదివిస్తున్నారు. చాలా వేగంగా చదువుతారు, అది వేరే సంగతి. 2023 జూన్‌లో ఎంపీ పీటా మర్ఫీ అధ్యక్షతన పార్లమెంటు కమిటీ 31 సిఫార్సులు చేసింది, ఆన్‌లైన్ జూదం ప్రకటనల్ని మూడేళ్లలో దశలవారీగా పూర్తిగా ఆపేయాలన్నది వాటిలో ఒకటి. ఆవిడ ఆ ఏడాది డిసెంబర్‌లోనే క్యాన్సర్‌తో పోయారు. 2024 జూన్ నుంచి ఆన్‌లైన్ పందేలకు క్రెడిట్ కార్డు పనికిరాదు. మన పిల్లలకి ఇది కొంత మేలు, అయితే డెబిట్ కార్డులో ఉన్నది ఫీజు డబ్బా అద్దె డబ్బా అని యాప్ అడగదు.

తల్లిదండ్రులకి నేను చెప్పేది, "ఆడట్లేదు కదా" అని అడక్కండి, దానికి జవాబు ఎప్పుడూ "లేదు" అనే ఉంటుంది. "మీవాళ్లు మల్టీలు కడతారా, నాలుగు లెగ్స్ అంటే ఏంట్రా" అని అడగండి. ఆడేవాడు ఉత్సాహంగా వివరించడం మొదలుపెడతాడు, అప్పుడు మీకే తెలుస్తుంది. ఆపాలనుకున్న వాడికి ఇక్కడ బెట్‌స్టాప్ అని ప్రభుత్వ రిజిస్టర్ ఉంది, 2023 ఆగస్టు నుంచి. ఒక్కసారి పేరు రాసుకుంటే ఆస్ట్రేలియాలో లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్, ఫోన్ బెట్టింగ్ కంపెనీలన్నీ ఖాతా మూసేయాలి, తక్కువలో తక్కువ మూడు నెలలు, కావాలంటే జన్మంతా. డబ్బులు కట్టక్కర్లేదు. మావాడు మూడు నెలలకి రాసుకున్నాడు. ఆరు నెలలు రాసుకోరా అన్నాను, "ఫైనల్స్ టైమ్‌కి తెరుచుకోవాలి కదన్నా" అన్నాడు. తిట్టాలో నవ్వాలో తెలియలేదు. మాట్లాడటానికి మనిషి కావాలంటే 1800 858 858, ఆస్ట్రేలియాలో ఎక్కడి నుంచైనా, ఏ వేళలోనైనా ఫ్రీగా చేయొచ్చు.

ఉత్తరం మీ పేజీకి మించిపోయిందని తెలుసు. కత్తిరించాల్సి వస్తే ఎంసీజీ కబుర్లు, నా కోపం తీసేయండి. 16లో నాలుగుసార్లు అన్న పేరా, ఆ ఫోన్ నంబరు మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
టార్నీట్, మెల్‌బోర్న్